కోడిపెట్ట మూడో వేలు

కొత్త షాపు, పై అంతస్తు
మార్చి

అక్కయ్యకు నమస్కారం.

నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, నీ పాత ఓవెన్ ఇంకా ప్రాణాలతోనే ఉందనీ తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

అసలు సంగతికి వస్తాను. కొత్త షాపు పని దాదాపు పూర్తయింది. ముందు వైపంతా అద్దమే. రోడ్డు మీద పోయేవాడికి లోపలి కేకులతో పాటు వాడి మొహం కూడా కనపడుతుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగోడకి ఒక అద్దాల పెట్టె బిగించాను. లోపల ముఖమల్ గుడ్డ, పైన చిన్న దీపం. ఆ గుడ్డ మీద ఏముండాలో చెప్పుకో చూద్దాం! నాన్న తన చేత్తో చెక్కిన కోడిపెట్ట అచ్చు. కింద ఇత్తడి రేకు మీద ‘మా తండ్రిగారి చేతి పని’ అని ఇప్పటికే చెక్కించేశాను.

అక్కయ్యా, ఏమీ అనుకోనంటే ఒక మాట. ఆ అచ్చు విలువ నీకు తెలీదు. నువ్వు రోజూ దానికి సిరా పూసి రొట్టె సంచుల మీద ధనాధన్ కొట్టుకుంటూ పోతావు. నేను మొన్న నీ సంచి ఒకటి భూతద్దం కింద పెట్టి చూశాను. కోడికి ఎడమ కాలికి మూడు వేళ్లు, కుడి కాలికి రెండే! ఎందుకలా ఉందో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ కాలు ముందడుగు వేస్తోంది. వేస్తున్న అడుగులో ఒక వేలు మనకి కనపడదు. మన వ్యాపారం ముందుకు సాగాలని నాన్న పెట్టిన సంకేతం అది. ఇక కోడి చుట్టూ సన్నసన్నగా గీతలు పడతాయి కదా, అవేమిటనుకున్నావు? గాలి. ఎదురుగాలి! ఎదురుగాలిలో ముందడుగు! ప్రారంభోత్సవం రోజు ఉపన్యాసంలో ఇదంతా చెప్పబోతున్నాను. నిన్న అద్దం ముందు నిలబడి చదువుకుంటే నాకే ఒళ్లు జలదరించింది.

నాన్న చేతి పని కొడుక్కి రావడం న్యాయమే కదా. రెండు షాపులకి ఒకే గుర్తు ఉంటే జనం గందరగోళ పడతారు. అందుకని ఇకమీదట కోడిపెట్ట నా పెట్టెల మీద ఉంటుంది. నువ్వు మామూలు సంచులు వాడుకో. నీ షాపు ఆ వీధిలో అందరికీ తెలిసిందే, నీకు గుర్తెందుకు? అచ్చుని దూదిలో చుట్టి జాగ్రత్తగా పంపించు.

నీ తమ్ముడు


రొట్టెల షాపు, వెనక గది
మార్చి

తమ్ముడికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మోకాలు అలాగే ఉంది. ఓవెన్ బాగుంది.

మన కోడి ఎదురుగాలిలో నడుస్తోందని ఇన్నేళ్లుగా నాకు తెలీదు. ఇవాళ సంచులు వేసేటప్పుడు దాన్ని కాస్త నెమ్మదిగా ఒత్తాను.

అచ్చు అడిగావు. పొద్దున ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను, ఇవ్వనా మాననా అని. ఆయన ఏమీ చెప్పలేదు. అంటే నన్నే తేల్చుకోమని.

నాన్న చేతి పని కొడుక్కి రావాలన్నావు. సరే. వచ్చేది చేతిలోకే రావాలి కదా. ఆ అచ్చు నేలకి పరిచే లినోలియం మీద చెక్కిందే. అలాంటి ముక్క ఒకటి కొనుక్కో. నీ చేత్తో కోడిపెట్టని చెక్కు. నువ్వు చెక్కింది నా సంచి మీద సరిగ్గా పడిన రోజు పాతది దూదిలో చుట్టి పంపిస్తాను. నేను మామూలు సంచులు వాడుకుంటాను. పడకపోతే కోడి ఇక్కడే ఉంటుంది, ఆ మాట మళ్లీ ఎత్తకూడదు.

వేళ్లు జాగ్రత్త. కోడివి కాదు, నీవి.

అక్క


కొత్త షాపు, పై అంతస్తు
ఏప్రిల్

అక్కయ్యకు నమస్కారం.

ఒప్పుకున్నాను. ఇంత తేలిక పందెం కడతావని అనుకోలేదు. నా ఒంట్లో ఎవరి రక్తం ఉందో మర్చిపోయినట్టున్నావు.

మంచి సామాను కొన్నాను. ఆరు రకాల ఉలులు, చెక్క పిడులతో, తోలు సంచిలో. రోలరు. రెండు రంగుల సిరా. షాపువాడు ‘మీరు చిత్రకారులా సార్’ అని అడిగాడు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు.

నీ సంచి ముందు పెట్టుకుని, చూస్తూ లినోలియం మీద బొమ్మ గీశాను. చెక్కాను. వేసిన ముద్ర ఇందులో పెడుతున్నాను. రెక్క చూడు, ఆ మెడ ఒంపు చూడు! దూది సిద్ధంగా ఉంచుకో.

నీ తమ్ముడు

వదినా, నమస్కారం. ఈయన ఉత్తరం అంటిస్తుంటే కింద ఈ నాలుగు ముక్కలు ఇరికిస్తున్నాను. భోజనాల బల్ల ఇప్పుడు కోడిది, మేమిద్దరం నేల మీదే తింటున్నాం. ఎడమ బొటనవేలికి ఒక పట్టీ, చూపుడువేలికి రెండు. దీన్ని రక్తసంబంధం అంటారని ఇప్పుడే తెలిసింది. — మీ మరదలు


రొట్టెల షాపు, వెనక గది
ఏప్రిల్

తమ్ముడికి ఆశీస్సులు.

ముద్ర చూశాను. మెడ బాగుంది.

నా కోడి కుడి వైపు చూస్తుంది. నీది ఎడమ వైపు చూస్తోంది. నీ లెక్కన ముందడుగు వెనక్కి పడింది.

అచ్చు మీద ఎటు గీస్తే కాగితం మీద దానికి ఎదురు పడుతుంది. కేకు కింద వేసే బటర్ పేపరు తీసుకో. దాని మీద పెన్సిలుతో నా కోడిని ఎత్తుకో. కాగితాన్ని బోర్లించి లినోలియం మీద పెట్టి వెనక నుంచి గోటితో రుద్దు. బొమ్మ తిరగబడి దిగుతుంది. అప్పుడు చెక్కు.

ఆరు ఉలులెందుకో నాకు తెలీదు. రెండు చాలు.

మరదలికి ఆశీస్సులు. భోజనం బల్ల మీదే పెట్టమను. కోడిని దింపమను.

అక్క


కొత్త షాపు, పై అంతస్తు
మే

అక్కయ్యకు నమస్కారం.

ఎడమా కుడీ చిన్న విషయం. పెద్ద కళాకారులకే జరుగుతుందట. ఈసారి తిప్పాను, సరిగ్గా తిరిగింది. ఇదిగో రెండో ముద్ర.

ఒక్క మాట ముందే చెబుతాను, నవ్వకు. ఇందులో కోడి తెల్లగా, చుట్టూ అంతా నల్లగా పడింది. చూసే కొద్దీ నాకిది కూడా నచ్చుతోంది. కొత్తగా ఉంది. లినోలియం కూడా మంచిది ఇవ్వలేదు వాడు. ఉలి పెడితే బిస్కెట్టులా పొడిపొడిగా రాలిపోతోంది. తోక అంచు అలాగే ఊడింది. ఒంపు దగ్గర చెయ్యి ఎంత తిప్పినా ఉలి తిరగదు. నాన్న దీన్నెలా లొంగదీశారో! అందుకే అన్నాను, ఆయన చెయ్యి వేరు.

ప్రారంభోత్సవం జులైలో. ఆహ్వానాలు ప్రింటుకి ఇవ్వాలి. తొందరగా చెప్పు.

నీ తమ్ముడు

వదినా, నిన్న ఒకాయన వచ్చి ఈ ముద్ర చూసి, బొగ్గుల బస్తాలో పడ్డ కొంగా అని అడిగారు. ఈయన రాత్రి అన్నం తినలేదు. కొత్త పట్టీ అరచేతికి. — మరదలు


రొట్టెల షాపు, వెనక గది
మే

తమ్ముడికి ఆశీస్సులు.

నవ్వలేదు. ప్రార్థన ముగిశాక ఇంకోసారి చూశాను. అప్పుడు నవ్వాను.

సిరా అంటేది ఎత్తుగా ఉన్న చోటే. ఉండాల్సింది ఉంచి, అక్కర్లేనిది తీసెయ్యాలి. నువ్వు ఉండాల్సింది తీసేసి, అక్కర్లేనిది ఉంచావు. ఇది నీకు లినోలియంతో మొదలైన అలవాటు కాదు.

లినోలియం మంచిదే. చల్లగా ఉంది, అంతే. గుడ్డలో చుట్టి ఓవెన్ మీద కాసేపు ఉంచు, రొట్టెలు దించాక. వెచ్చబడితే వెన్నలా తెగుతుంది. అది చల్లారేలోపు చెక్కు, మళ్లీ పెట్టు.

ఒంపు దగ్గర చెయ్యి తిప్పకు. ఉలిని ఉన్నచోటే ఉంచి, ఎడమ చేత్తో అచ్చుని తిప్పు. ఆ చెయ్యి ఉలికి వెనకుండాలి, ముందు కాదు. అరచెయ్యి అలాగే తెగుతుంది.

ముద్ర వేసేటప్పుడు గుద్దకు. కాగితం పైన పెట్టి, పిండి వత్తే కర్రని ఒక్కసారి నడిపించు.

అక్క


కొత్త షాపు, పై అంతస్తు
జూన్

అక్కయ్యకు నమస్కారం.

ఇదిగో కోడిపెట్ట! ఎలా పడిందో చూడు. మెడ, రెక్క, కన్ను, తోక, ఎడమ కాలికి మూడు వేళ్లు, కుడి కాలికి రెండు. కుడి వైపే చూస్తోంది. నల్లగా ఉండాల్సింది నల్లగా, తెల్లగా ఉండాల్సింది తెల్లగా. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. పందెం నేను నెగ్గాను. అచ్చు ఈ వారమే పంపించు. అద్దాల పెట్టెలో దీపం కూడా వెలిగించి చూశాను. ముఖమల్ గుడ్డ ఖాళీగా ఉంటే నాకు ఉండబట్టడం లేదు.

నీ తమ్ముడు

వదినా, ఈసారి ఏ వేలికీ పట్టీ లేదు. అంతే, ఇంకేం లేదు. — మరదలు


రొట్టెల షాపు, వెనక గది
జూన్

తమ్ముడికి ఆశీస్సులు.

చాలా బాగుంది. ఎవరు కోశారు?

నీ కోడి చుట్టూ గాలి ఆగిపోయింది. ఒక్క గీతా లేదు. చేత్తో చెక్కితే ఖాళీ చోట ఎక్కడో అక్కడ ఉలి లోతుకి దిగదు, మిట్ట మిగులుతుంది, దానికి సిరా అంటుతుంది. ఎంత పనితనమున్నా అంటుతుంది. అంటనిది యంత్రం కోసినదానికే.

పైగా కోడి మీది గీతలన్నీ ఒకే మందం. మొదలెట్టినప్పుడున్న భయం, చివర్లో వచ్చే తొందర రెండూ లేవు.

యంత్రం మన నాన్న కొడుకు కాదు. దానికి అచ్చు ఇవ్వలేను.

మరదలు బంగారు తల్లి. పట్టీల లెక్క సరిగ్గా రాస్తుంది.

అక్క


కొత్త షాపు, పై అంతస్తు
జూన్

అక్కయ్యకు,

అవును, కోయించాను. అయితే ఏమిటి? బొమ్మ అదే కదా!

నాకిప్పుడు తెలిసింది నీ ఎత్తు. ఆ అచ్చు చెక్కగలిగిన చెయ్యి ఒక్కటే, అది నాన్నది. ఆయన పోయారు. ఎవరికీ చేతకాని పని నా ముందు పెట్టి, చేత కాలేదని కూర్చుని నవ్వుతున్నావు. ‘చల్లగా ఉంది, వెచ్చబెట్టు’, ‘చెయ్యి తిప్పకు, అచ్చు తిప్పు’! ఇవన్నీ నీకెవరు చెప్పారు? నాన్నే నేర్పి ఉంటారు. నీకు నేర్పి నాకు నేర్పలేదన్నమాట. పెద్ద కూతురు ముద్దు, చివరివాడు ఎవరికి పట్టాడు!

ఆహ్వానాలు పంచేశాను. వాటి మీద ‘మా తండ్రిగారి అచ్చు ఆవిష్కరణ’ అని ఉంది. ఊళ్లో పెద్దవాళ్లంతా వస్తున్నారు. వాళ్లకి ఖాళీ గుడ్డ చూపించమంటావా? ఆదివారం మా డ్రైవరు వస్తాడు. అచ్చు అతని చేతికివ్వు. ఇవ్వనంటే ఈ తమ్ముడు లేడనుకో.

నీ తమ్ముడు

వదినా, ఈ ఉత్తరం పోస్టు చెయ్యవద్దని నేనన్నాను. చేసేలా ఉన్నారు. అందుకే నా మాట కూడా ఇందులోనే వస్తోంది. కోప్పడకండి. — మరదలు


రొట్టెల షాపు, వెనక గది
జూన్, ఆదివారం

తమ్ముడికి ఆశీస్సులు.

మీ డ్రైవరు వచ్చాడు. మంచివాడు. టీ ఇచ్చాను, వేడి బన్ను పెట్టాను.

అతని చేతికి ఒక పొట్లం ఇచ్చాను. అందులో ఉన్నది పాతది కాదు. నిన్న షాపు మూశాక, ప్రార్థన చేసుకుని, చెక్కాను. ఒక ముద్ర వేసుకుని, పాత సంచి పక్కన పెట్టుకుని, నీ భూతద్దంతో చూడు.

చూశాక రాయి. నువ్వు లేవనుకోమంటే అనుకోలేను, అంత దూరం పోవడం నాకు చేతకాదు.

అక్క


కొత్త షాపు, పై అంతస్తు
జూన్

అక్కయ్యా,

చూశాను.

మెడ దగ్గర ఉలి తిరిగిన తీరు. కంటి చుట్టూ వదిలిన తెలుపు. తోక మూడో ఈక దగ్గర ఆగి, మళ్లీ మొదలెట్టిన చోటు. గాలి కూడా. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చెయ్యి కాదు.

తేడా ఒక్కటే. ఇందులో కుడి కాలికి మూడు వేళ్లున్నాయి.

పాతది ఎవరు చెక్కారు? మరి అందులో ఆ వేలేమైంది?

తమ్ముడు

వదినా, ఈయన పొద్దుట్నుంచీ ఆ భూతద్దం దించలేదు. ఉలులు తోలు సంచిలో పెట్టేసి, సంచి అటక మీద పెట్టేశారు. నేను ఒక్క మాట కూడా అనలేదు, చూశారా! — మరదలు


రొట్టెల షాపు, వెనక గది
జులై

తమ్ముడికి ఆశీస్సులు.

ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. ఓపిగ్గా చదువు.

నువ్వు పుట్టిన ఏడు మన వెనక గదిలో నేలకి లినోలియం పరిచారు. రెండు మూడు ముక్కలు మిగిలాయి. సంచులకి ఏదైనా గుర్తు ఉంటే బాగుండునని నాన్న అనేవారు, అని ఊరుకునేవారు. నేను విరిగిన గొడుగులోంచి ఇనప పుల్ల ఒకటి తీసి, కొసని రాయి మీద నూరాను. గొడుగు పుల్ల మధ్యలో కాలవలా ఉంటుంది, గమనించావో లేదో. అదే నా ఉలి. పిడికి గుడ్డ చుట్టుకున్నాను. ఒక లినోలియం ముక్కని పిండి పెట్టె చెక్కకి అంటించాను. బొమ్మ వెతుక్కోలేదు. వెనక గుమ్మం దగ్గర రొట్టె పొడి ఏరుకుంటూ ఒక పెట్ట రోజూ తిరిగేది. దాన్నే చూసి గీశాను. మొదటిసారి అది కూడా ఎడమ వైపే చూసింది. రెండో ముక్క చెక్కాల్సి వచ్చింది. చల్లటి లినోలియం పొడి అవుతుందని కూడా అలాగే తెలిసింది. నాకు ఎవరూ నేర్పలేదు. నిన్ను వదిలేసి నాకు నేర్పారని దిగులు పడకు.

నాన్న ఒక సంచి మీద ముద్ర వేసి చూశారు. “బాగుంది” అన్నారు. మర్నాటి నుంచి అన్ని సంచుల మీదా వేశారు. కొనడానికి వచ్చినవాళ్లు “మీ చేతి పనేనా?” అంటే మీసం సవరించుకునేవారు. అవుననలేదు, కాదనీ అనలేదు. ఆ ఉలుల షాపులో నువ్వు చేసినట్టే. నాన్న రక్తం నీలో ఉందన్నావు కదా, అక్కడ కనిపించింది.

నేనూ చెప్పుకోలేదు. వీధిలో ఎవరి చేతిలో చూసినా నా కోడి ఉండేది. ఆ వయసులో నాకది చాలు. తర్వాత చెప్పుకోవాలనిపించే వయసు దాటిపోయింది.

నువ్వు గాలి అన్నది, గొడుగు పుల్ల లోతుకి దిగని చోట్లు.

ఇక వేలు. అన్నీ అయిపోయాయి, కుడి కాలు మిగిలింది. అమ్మ ఓవెన్ దగ్గర ఉంది, నిన్ను నా ఒళ్లో కూర్చోబెట్టింది. నీకప్పటికి ఇంకా పళ్లు కూడా రాలేదు. రెండు వేళ్లు వచ్చాయి. మూడోది వస్తుండగా నువ్వు నా మోచెయ్యి పట్టుకుని లాగావు. వేలు మొదలంటా ఎగిరి నీ చొక్కా మీద పడింది. దాన్ని తీసి నోట్లో పెట్టేసుకున్నావు. బుగ్గలు నొక్కి బయటికి తీశాను. నువ్వు ఏడ్చావు, నేనూ ఏడ్చాను. అమ్మ వచ్చి చూసి, “కోడికి రెండు వేళ్లుంటే నడవదా ఏం?” అంది. అలాగే వదిలేశాం. ఇన్నేళ్లూ నడిచింది.

ఈసారి ఒళ్లో ఎవరూ లేరు. వేళ్లన్నీ వచ్చాయి.

కాబట్టి పాత అచ్చులో నీకు వాటా లేదని నేననను. ఉంది. లేని ఆ వేలు నీ వాటా. మిగతా కోడి నాది. అది ఇక్కడే ఉంటుంది, నా సంచుల మీదే పడుతుంది. కొత్త కోడి నీకిస్తున్నాను, నీ పెట్టెల మీద వేసుకో. జనం గందరగోళ పడతారని భయపడకు. అనుమానం వస్తే వేళ్లు చూసుకుంటారు.

ఇత్తడి రేకు మాత్రం మార్చు. దేవుడు చూస్తుంటాడు. ఆయన ఊరుకున్నా మరదలు ఊరుకోదు.

అక్క


కొత్త షాపు, కింది అంతస్తు
జులై

అక్కయ్యకు నమస్కారం.

ప్రారంభోత్సవం అయింది. కొత్త రేకు చేయించడానికి వ్యవధి లేకపోయింది. పాతదాన్నే తిరగేసి, వెనక వైపు చెక్కించాను: ‘చెక్కింది మా అక్కయ్య. వేలు తీసింది నేను.’

కొత్త అచ్చుని అద్దాల పెట్టెలో పెట్టలేదు. అది కింద బల్ల మీద ఉంది, పని చేస్తోంది. దాన్ని గుడ్డలో చుట్టి ఓవెన్ మీద పెట్టడం కూడా అలవాటైంది, అదెందుకో నాకే తెలీదు, చెక్కేదేమీ లేదుగా.

ముఖమల్ గుడ్డ ఇంకా ఖాళీ. జనం రేకు చదివి, లోపలికి చూసి, నా చేతుల వైపు చూస్తున్నారు. పాత అచ్చు అడగను. ఆ మాట మళ్లీ ఎత్తనని ఒప్పుకున్నాను కదా. కానీ ఆ అచ్చుతో వేసిన సంచి ఒకటి పంపించగలవా? కుడి కాలు స్పష్టంగా పడినది, మంచిది చూసి పంపు. అది పెట్టెలో పెట్టుకుంటాను.

నీ తమ్ముడు

వదినా, ఉపన్యాసంలోంచి ముందడుగూ ఎదురుగాలీ తీసేశారు. చూస్తే ఇంకేమీ మిగల్లేదు. ‘ఇది మా అక్కయ్య చేసింది, నేను పాడుచేశాను, కేకులు తినండి’ అని కూర్చున్నారు. ఈయన మాట్లాడితే జనం చప్పట్లు కొట్టడం నేను చూడటం ఇదే మొదటిసారి. — మరదలు


రొట్టెల షాపు, వెనక గది
జులై

తమ్ముడికి ఆశీస్సులు.

సంచి పంపిస్తున్నాను. ఖాళీ సంచి పంపడం మన షాపులో లేదు గనక బన్నులు పెట్టాను. మరదలికి రెండు ఎక్కువ ఇవ్వు.

తిన్నాక చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు సంచి ముట్టుకో. పెట్టెలో పెట్టే పని మరదల్ని చెయ్యనిస్తే ఇంకా మంచిది. కోడికి ఇంకా అయిదు వేళ్లే మిగిలాయి.

అక్క